బోదకాలు పురుగు ఒంట్లో ఏళ్ల తరబడి ఉన్నా ఇమ్యూనిటీ ఎందుకు ఊరుకుంటుంది?

ఇచ్ఛాపురం దాటి గిరిసోల మీదుగా బరంపురం వరకు, ఇటు పాతపట్నం నుంచి పర్లాకిమిడి దాకా, తెలుగు మాట్లాడే ఊళ్లు ఆంధ్రాలో ఉన్నా ఒడిశాలో ఉన్నా బోదకాలు అంటే ఏంటో ఎవరికీ చెప్పక్కర్లేదు, శ్రీకాకుళం గానీ గంజాం గానీ ఫైలేరియా జిల్లాలుగా ఎప్పట్నుంచో లెక్కలో ఉన్నవే. ఆశా వర్కర్లు ఇంటింటికీ తిరిగి మాత్రలు మింగమన్నప్పుడు ఎక్కువగా వినపడే జవాబు ఒకటుంది, "మాకేటీ లేదమ్మా, కాలు వాసినోళ్లకి ఇయ్యండి" అని. వినడానికి న్యాయంగానే ఉంటుంది, రోగం ఉన్నోళ్లకే కదా మందు. కానీ ఈ పురుగు విషయంలో లెక్క పూర్తిగా తిరగబడిపోతుంది. రక్తంలో పిల్ల పురుగులు వేలకొద్దీ తిరుగుతున్న మనిషి చాలాసార్లు జ్వరం కూడా లేకుండా పొలం పని చేసుకుంటూ శుభ్రంగా ఉంటాడు, కాలు లావుగా వాచిపోయిన మనిషి రక్తం తీసి చూస్తే చాలామందిలో ఒక్క పిల్ల పురుగు కూడా దొరకదు. ఇలా ఎందుకు జరుగుతుందో అర్థం కావాలంటే ఆ పురుగు మన ఇమ్యూనిటీని ఏం చేస్తోందో చూడాలి.

మామూలుగా ఇమ్యూనిటీ అనగానే బ్యాక్టీరియా, వైరస్ గుర్తొస్తాయి. అవి చాలా చిన్నవి, ఒక తెల్ల రక్తకణం బ్యాక్టీరియాని అమాంతం మింగేసి లోపలే అరిగించేసుకుంటుంది. మరి పురుగుని ఎలా మింగుతుంది? మన దగ్గర బోదకాలు తెచ్చే వుచెరేరియా బాంక్రాఫ్టై ఆడ పురుగు 8 నుంచి 10 సెంటీమీటర్ల పొడవుంటుంది, వెడల్పు మాత్రం పావు మిల్లీమీటరు. తెల్లకణంతో పోలిస్తే వేల రెట్లు పొడవు. అంత పెద్ద ప్రాణిని మింగే కణం మన ఒంట్లో లేదు.

ఇంకో పెద్ద తేడా ఉంది, దీన్ని చాలామంది పట్టించుకోరు. బ్యాక్టీరియా ఒంట్లోకి వస్తే అక్కడే ఒకటి రెండై, రెండు నాలుగై కోట్లలోకి పోతుంది, ఇమ్యూనిటీ పూర్తిగా మేలుకునేలోపే పక్కవాడికి అంటించేసి దాని పని అది కానిచ్చుకుంటుంది. ఫైలేరియా పురుగుకి ఆ దారి లేదు. ఒంట్లో ఉన్న ఆడ పురుగు పిల్లల్ని పెడుతుంది గానీ ఆ పిల్లలు అదే మనిషిలో పెద్దవి కాలేవు, వాటిని క్యూలెక్స్ దోమ రక్తంతో పాటు తాగాలి, దోమ ఒంట్లో రెండు వారాలు అటూఇటూగా పెరగాలి, మళ్లీ ఇంకో మనిషిని ఆ దోమ కుట్టినప్పుడు ఆ చిల్లులోంచి లోపలికి పాకాలి. వేల దోమకాట్లలో ఏ ఒక్కటో ఫలిస్తుందో లేదో. అందుకని ఒకసారి మనిషిలోకి చేరిన పురుగు ఏళ్ల తరబడి బతికి, రోజూ పిల్లల్ని రక్తంలోకి వదులుతూనే ఉండాలి, లేకపోతే దాని జాతి నిలవదు. పెద్ద పురుగులు 5 నుంచి 7 ఏళ్లు, కొన్నిసార్లు ఇంకా ఎక్కువే బతుకుతాయి. అన్నేళ్లు ఇంకొకరి ఒంట్లో ఉండాలంటే ఇమ్యూనిటీతో కొట్లాడితే కుదరదు, అది తన మీదికి రాకుండానే చూసుకోవాలి. పురుగుల తెలివంతా ఇక్కడే ఖర్చవుతుంది.

అలాగని మన ఒళ్లు చేతులు కట్టుకుని కూర్చోదు, పురుగుల కోసమే తయారైన పద్ధతి ఒకటి మనలో ఉంది. పేగుల్లోకి పురుగు వస్తే పేగు గోడలో ఉండే టఫ్ట్ కణాలు ముందు పసిగడతాయి (ఈ సంగతి 2016లోనే తేలింది), అవి కబురు పెడితే జిగురు ఎక్కువగా ఊరుతుంది, పేగు కదలిక పెరుగుతుంది, పురుగుని కిందికి తోసేయడానికన్నమాట. కణజాలంలో ఉన్న పురుగు మీదికి ఇస్నోఫిల్స్ అనే తెల్లకణాలు వెళ్లి చుట్టూ అతుక్కుని వాటి లోపలున్న విషపు ప్రోటీన్లని పురుగు చర్మం మీదే కుమ్మరిస్తాయి, ఐజీఈ అనే యాంటీబాడీ ఈ పనికి దారి చూపిస్తుంది. ఆస్తమా, తుమ్ములు, దద్దుర్లు ఉన్నవాళ్ల బ్లడ్ రిపోర్టుల్లో ఎక్కువగా కనపడేవి ఇవే ఐజీఈ, ఇవే ఇస్నోఫిల్స్. ఇవాళ దుమ్ము మీద, పుప్పొడి మీద విరుచుకుపడుతున్న ఈ ఏర్పాటంతా అసలు పురుగుల కోసం పుట్టిందేనని ఈ రంగంలో చాలామంది శాస్త్రవేత్తల నమ్మకం.

ఇప్పుడు ఫైలేరియా పురుగు దగ్గరికి వద్దాం. ఇది ఒంట్లో కాపురం పెట్టే చోటు చూస్తేనే ఆశ్చర్యమేస్తుంది. లింఫ్ నాళాలు, అంటే ఇమ్యూనిటీ కణాలు రాకపోకలు సాగించే దారులే. గజ్జల్లో, చంకల్లో ఉండే గ్రంథులకి ఏ సూక్ష్మజీవి వచ్చిందన్న కబురు మోసుకెళ్లేవి ఈ నాళాలే. శత్రువు వచ్చి సరిగ్గా ఆ దారిలోనే మకాం వేసి, అక్కడే జత కట్టి, అక్కడే పిల్లల్ని పెడుతుంది. ఇంతకంటే ప్రమాదమైన చోటు దానికి ఒంట్లో ఇంకోటి ఉండదు, అయినా ఏళ్లు గడిపేస్తుంది అంటే అది చేసే ఏర్పాట్లు ఎంత గట్టివో ఆలోచించాలి.

మొదటి ఏర్పాటు దాని చర్మమే. తెల్లకణాలు శత్రువు మీద హైడ్రోజన్ పెరాక్సైడ్ లాంటి ఘాటైన పదార్థాలు వదులుతాయి, ఈ జాతి పురుగుల పై పొర మీద గ్లూటాథయోన్ పెరాక్సిడేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది, దాంతో పాటు సూపరాక్సైడ్ డిస్మ్యూటేజ్ ఉంటుంది, ఆ దెబ్బ తగిలినా పై పొర పాడవకుండా ఇవి కాపాడతాయి. ఇది కేవలం దెబ్బ తట్టుకోవడం. అసలు పని అది బయటికి వదిలే పదార్థాలతో చేస్తుంది.

ఏ సూక్ష్మజీవి మీదకైనా టీ కణాలు, అంటే దాడిని నడిపించే తెల్లకణాలు, కదలాలంటే ముందు వేరే కణాలు ఆ సూక్ష్మజీవి ప్రోటీన్లని ముక్కలుగా కోసి వాటికి చూపించాలి. బ్రూజియా మలయి అనే ఫైలేరియా పురుగు సిస్టాటిన్ అనే ప్రోటీన్‌ని వదిలి ఆ కోసే ఎంజైమ్‌లనే ఆపేస్తుంది. ముక్కలు కోయడమే జరగకపోతే చూపించడానికి ఏముంటుంది. అదే పురుగు సూక్ష్మజీవుల్ని మింగే మన మాక్రోఫేజ్ కణాల కదలికని నడిపించే ఎంఐఎఫ్ అనే పదార్థానికి నకలు తయారుచేసి వదులుతుంది, దాంతో ఆ కణాలు కొట్లాట మానేసి గాయాలు మాన్పే పనిలో పడతాయి. ఎలుక జాతి జంతువుల్లో ఉండే ఇంకో ఫైలేరియా పురుగు ఈఎస్-62 అనే పదార్థాన్ని వదులుతుంది, గ్లాస్గోలో విలియం హార్నెట్, మార్గరెట్ హార్నెట్ దీని మీద ఏళ్ల తరబడి పనిచేశారు, యాంటీబాడీలు తయారుచేసే బీ కణాలు గానీ అలర్జీలో రెచ్చిపోయే మాస్ట్ కణాలు గానీ గట్టిగా స్పందించకుండా ఇది అడ్డుపడుతుందని తేలింది. ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి, మన దగ్గరుండే వుచెరేరియా ల్యాబ్ ఎలుకల్లో పెరగదు, అందుకే ఈ వివరాల్లో చాలా వరకు దాని దగ్గరి చుట్టాలైన పురుగుల మీద పరీక్షించి తెలుసుకున్నవే, మనుషుల రక్తంలో చూసిన ఫలితాలు మాత్రం వాటితో బాగా కలుస్తాయి.

మనుషుల్లో ఏం కనపడుతుందంటే, రక్తంలో పిల్ల పురుగులు ఉండి పైకి ఏ లక్షణమూ లేని వాళ్లలో ఐఎల్-10 అనే సంకేతం ఎక్కువగా ఉంటుంది, ఇది ఇమ్యూనిటీని "ఇక చాలు, ఆగు" అని చెప్పే సంకేతం. రెగ్యులేటరీ టీ కణాలు కూడా ఎక్కువే ఉంటాయి, ఇవి మన కణాలే, మన ఇమ్యూనిటీ మన ఒంటినే తినేయకుండా కాపాడటానికి ఉన్నవి, పురుగు వాటిని తన కాపలాకి వాడుకుంటోంది. ఇక యాంటీబాడీల్లో ఐజీజీ4 అనేది విపరీతంగా పెరుగుతుంది. ఐజీఈ ఏ చోటుని పట్టుకుని దాడికి పిలవాలో ఐజీజీ4 కూడా అదే చోటుని పట్టుకుంటుంది, కానీ పట్టుకుని ఊరుకుంటుంది, ఎవర్నీ పిలవదు. బస్సు సీటు మీద ఎవరో కర్చీఫ్ వేసి వెళ్లిపోతే నిలబడ్డవాళ్లు కూర్చోలేనట్టు, ఐజీఈకి అక్కడ చోటే దొరకదు. బయట్నుంచి చూస్తే యాంటీబాడీలు బోలెడు తయారవుతున్నాయి, ఇమ్యూనిటీ ఏదో చేస్తున్నట్టే ఉంటుంది, పురుగుకి మాత్రం చీమ కుట్టినట్టు కూడా ఉండదు.

పిల్ల పురుగులు ఇంకో పని చేస్తాయి. పగలంతా ఊపిరితిత్తుల్లోని సన్నటి రక్తనాళాల్లో గడిపి, రాత్రయ్యాక దోమలు కుట్టే వేళకి చర్మం దగ్గరి రక్తంలోకి వస్తాయి. అందుకే ఫైలేరియా సర్వే వాళ్లు రాత్రిళ్లు వచ్చి రక్తం తీస్తారు, పగలు తీస్తే ఉన్నా కనపడకపోవచ్చు. 1877లో ప్యాట్రిక్ మాన్సన్ చైనాలోని అమోయ్‌లో ఈ పురుగు దోమలో పెరుగుతుందని కనిపెట్టాడు, రాత్రి పగలు తేడాని గమనించిందీ ఆయనే. అంతకు ముందు 1872లో కలకత్తాలో టిమోతీ లూయిస్ మనిషి రక్తంలో ఈ పిల్ల పురుగుల్ని చూశాడు.

ఇప్పుడు మొదట చెప్పిన తిరకాసు దగ్గరికి రావొచ్చు. ఒళ్లు మౌనంగా ఉంటే పురుగు పెరుగుతుంది, మనిషికి బాధ తెలియదు. ఆ మౌనం చెదిరితే బాధ మొదలవుతుంది. పురుగు చచ్చినప్పుడు దాని కణాల్లో కాపురముండే వోల్బాకియా అనే బ్యాక్టీరియా బయటపడుతుంది, దాన్ని చూసి ఇమ్యూనిటీ ఒక్కసారిగా మండిపోతుంది, నాళాలు వాస్తాయి, అప్పటికే పురుగు ఉండడం వల్ల సాగిపోయిన నాళాలు ఇంకా పాడవుతాయి, నీరు పైకి లాగే పని ఆగిపోతుంది, కాలి వేళ్ల సందుల్లో పగుళ్లలోంచి మామూలు బ్యాక్టీరియా దూరి మాటిమాటికీ జ్వరం, గజ్జల్లో బిళ్లలు, ఎర్రగా వాపు, ఇలా ఒక్కో దాడికి కాలు కొంచెం కొంచెం లావెక్కుతుంది. ఈ దశకి వచ్చిన వాళ్లలో ఐజీజీ4 తక్కువగా, మంట పెంచే టీ కణాల స్పందన ఎక్కువగా ఉండటం చాలా చోట్ల చూశారు. అంటే కాలు వాచిన మనిషి ఒళ్లు పురుగుతో కొట్లాడింది, కొట్లాటలో ఇల్లే కూలింది. ఆ మనిషిని వీధిలో తప్పించుకు తిరగడం, పక్కన కూర్చోకపోవడం ఎంత అన్యాయమో ఈ ఒక్క విషయం తెలిసినా చాలు, చాలాసార్లు ఆయన దగ్గర్నుంచి దోమకి అంటుకోవడానికి పురుగే లేదు.

ఇదే కొట్లాట ఇంకో రూపంలో ఊపిరితిత్తుల్లో కనపడుతుంది. కొంతమంది ఒంట్లో పిల్ల పురుగుల మీద ఇమ్యూనిటీ అస్సలు ఊరుకోదు, అవి రక్తంలోకి వచ్చినవి వచ్చినట్టే ఊపిరితిత్తుల్లో పట్టి చంపేస్తుంది, ఫలితం రాత్రంతా పొడి దగ్గు, ఆయాసం, రక్తంలో ఇస్నోఫిల్స్ ఒక మైక్రోలీటరుకి 3,000 దాటిపోవడం. చాలాకాలం దీన్ని టీబీ అనుకునేవారు. టీబీ లాగే కనపడుతున్నా టీబీ కాని ఈ జబ్బు గురించి 1940లో రాసింది మన మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం శానటోరియం డాక్టర్లు ఫ్రిమోట్ మోలర్, బార్టన్. 1943లో వైన్‌గార్టెన్ దీనికి ట్రాపికల్ ఇస్నోఫిలియా అని పేరు పెట్టాడు. ఫైలేరియా మందు వేస్తే ఈ దగ్గు కొద్ది రోజుల్లోనే తగ్గుతుంది. ఒకే పురుగు, ఒక మనిషిలో ఏమీ లేదు, ఇంకో మనిషిలో కాలు వాపు, ఇంకొకరిలో ఆస్తమా లాంటి దగ్గు, తేడా అంతా వాళ్ల ఇమ్యూనిటీ ఎంతవరకు లొంగింది అన్నదానిలోనే ఉంది.

లొంగడం కూడా చాలాసార్లు పుట్టకముందే మొదలవుతుంది. కడుపుతో ఉన్న తల్లికి ఫైలేరియా ఉంటే లోపలున్న బిడ్డ ఇమ్యూనిటీకి ఆ పురుగు పదార్థాలు అప్పుడే పరిచయమైపోతాయి, అలా పుట్టిన పిల్లలకి పెద్దయ్యాక పురుగు తేలిగ్గా పట్టుకుంటుందని హైతీ, కెన్యా లాంటి చోట్ల చూశారు. దీనికి సరిగ్గా వ్యతిరేకంగా, పురుగు ఎప్పుడూ చూడని వాళ్లు కొత్తగా వస్తే? రెండో ప్రపంచ యుద్ధంలో పసిఫిక్ దీవులకి వెళ్లిన అమెరికా సైనికుల్లో వేలమందికి నెలల్లోనే చేతులు, కాళ్లు, వృషణాలు వాచి మంటలెత్తాయి, అయినా వాళ్ల రక్తంలో పిల్ల పురుగులు దాదాపు కనపడలేదు. పక్కనే పుట్టి పెరిగిన దీవుల వాళ్లు మాత్రం రక్తం నిండా పురుగులతో మామూలుగా తిరిగేవారు. మన పల్లెల్లో "చిన్నప్పట్నుంచి ఈ దోమల మధ్యే పెరిగాం, మాకేం కాదు" అనే మాటలో నిజం ఎంతుందో, అపాయం ఎంతుందో ఇందులో తెలుస్తుంది.

మిగతా పురుగులు ఎవరి దారి వాళ్లదే. షిస్టోసోమా అనే రక్తపు పురుగు అయితే మనిషి రక్తంలోని పదార్థాలనే ఒంటికి పూసుకుంటుంది, మన బ్లడ్ గ్రూప్ గుర్తులు దాని మీద ఉంటే ఇమ్యూనిటీ మన కణమే అనుకుని వదిలేస్తుంది. 1969లో స్మిదర్స్, టెర్రీ, హాక్లీ అనేవాళ్లు దీన్ని చాలా అందంగా నిరూపించారు. చుంచెలుకల్లో పెరిగిన పురుగుల్ని తీసి, ముందుగానే చుంచెలుక రక్తకణాల మీద యాంటీబాడీలు తయారైన కోతుల్లోకి ఎక్కించారు, పురుగులు చచ్చిపోయాయి. కోతుల్లోనే పెరిగిన పురుగుల్ని అలాంటి కోతుల్లోకే ఎక్కిస్తే ఏమీ కాలేదు. అంటే కోతి కొట్టింది పురుగుని కాదు, పురుగు వేసుకున్న ఎలుక వేషాన్ని. మనుషుల షిస్టోసోమా మన దేశంలో దాదాపు లేదనే చెప్పాలి, మహారాష్ట్ర రత్నగిరి జిల్లా గిమ్వి అనే ఊళ్లో 1952లో బయటపడింది. కానీ పశువుల్లో ముక్కు మూసుకుపోయి గురక పెట్టే జబ్బు తెచ్చేది ఈ జాతి పురుగే, అక్కడా ఇదే తీరు, ఆవులు ఎద్దులు ముక్కులో కాయలు లేచి ఊపిరాడక బాధపడతాయి, అదే చెరువులో నీళ్లు తాగిన గేదెలు చాలావరకు పైకి ఏమీ లేకుండా పురుగు మోసుకు తిరుగుతుంటాయి.

కొంకి పురుగు చెప్పుల్లేని కాలి చర్మంలోంచి దూరుతుంది, నీడ, తడి ఉన్న ఇసక నేలలు దీనికి బాగా పడతాయి, ఉద్దానం తోటల్లాంటి చోట్ల బహిర్భూమికి వెళ్లే అలవాటు ఉన్నంత కాలం దీనికి కొదవుండదు. పేగు గోడని కొరికి రక్తం తాగుతుంది, రక్తం గడ్డకట్టకుండా ఒక పదార్థం వదులుతుంది, ఇస్నోఫిల్స్‌ని పిలిచే సంకేతాన్ని ముక్కలు చేసే ఎంజైమ్ ఇంకోటి వదులుతుంది, కుక్కల్లో ఉండే కొంకి పురుగు న్యూట్రోఫిల్ అనే తెల్లకణాలు రక్తనాళం గోడకి అతుక్కోకుండా ఆపే ప్రోటీన్ కూడా తయారుచేస్తుంది. ఎన్నిసార్లు పట్టినా దీని మీద ఒంటికి గట్టి రక్షణ రాదు, మందు వేసి పోగొట్టాక మళ్లీ అదే మట్టిలో నడిస్తే మళ్లీ పడుతుంది. ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న బడిలో పిల్లలకి ఆల్బెండజోల్ మళ్లీ మళ్లీ వేసేది ఇందుకే.

బద్దెపురుగు గుడ్ల వల్ల మెదడులో వచ్చే తిత్తుల గురించి మాత్రం కాస్త ఆగి చెప్పాలి, ఎందుకంటే ఫైలేరియాలో చూసిన తిరకాసే ఇక్కడ ఇంకా స్పష్టంగా ఉంది. ఉడకని పంది మాంసం తింటే పేగులో బద్దెపురుగు పెరుగుతుంది. ఆ మనిషి మలంలో పోయే గుడ్లు చేతుల ద్వారా, కడగని ఆకుకూరల ద్వారా, నీళ్ల ద్వారా ఎవరి నోట్లోకి వెళ్లినా, వాళ్లు జీవితంలో మాంసం ముట్టని వాళ్లయినా సరే, పిల్లలు బయటికొచ్చి మెదడులో తిత్తులు కట్టుకోవచ్చు. తిత్తి బతికున్నంత కాలం ఇమ్యూనిటీని అణిచిపెడుతుంది, పారామయోసిన్ అనే ప్రోటీన్‌తో కాంప్లిమెంట్ అనే రక్షణ వరుసని మొదట్లోనే ఆపుతుంది, చుట్టూ మంట ఉండదు, మనిషికి ఏళ్ల తరబడి ఏమీ తెలియదు. తిత్తి ముసలిదై చావడం మొదలుపెట్టినప్పుడు ఆ అణిచివేత పోతుంది, చుట్టూ వాపొస్తుంది, ఒకరోజు ఉన్నట్టుండి ఫిట్స్ వస్తాయి. మన దేశంలో పెద్దయ్యాక కొత్తగా మొదలయ్యే ఫిట్స్‌కి ఇది ముఖ్యమైన కారణాల్లో ఒకటి. ఆల్బెండజోల్ ఇచ్చేటప్పుడు డాక్టర్లు దాంతో పాటు స్టెరాయిడ్ ఇచ్చేది పురుగు చచ్చేటప్పుడు వచ్చే ఆ వాపుని ఆపడానికే.

స్టెరాయిడ్ అంటే ఇంకో విషయం. స్ట్రాంజిలాయిడిస్ అనే సన్నటి పేగు పురుగు మిగతా వాటిలా కాదు, బయటికి వెళ్లకుండా అదే ఒంట్లో తిరిగి తిరిగి పిల్లల్ని పెంచుకోగలదు, దశాబ్దాల పాటు నిశ్శబ్దంగా ఉండిపోతుంది. ఇమ్యూనిటీ దాన్ని పూర్తిగా పోగొట్టలేదు గానీ సంఖ్య పెరగకుండా అదుపులో పెడుతుంది. ఆ మనిషికి ఏ ఒళ్లు నొప్పులకో, ఆయాసానికో స్టెరాయిడ్ ఇంజెక్షన్లు వరసగా పడితే అదుపు తప్పి పురుగులు ఒళ్లంతా పాకి ప్రాణం మీదికి వస్తుంది. పల్లెల్లో డెక్సా ఇంజెక్షన్ అంటే బలం మందు అన్నట్టు పొడిపించుకునే అలవాటు ఎంత చెడ్డదో చెప్పడానికి ఈ ఒక్క పురుగు చాలు.

పురుగు తన కోసం ఇమ్యూనిటీని తగ్గిస్తే ఆ తగ్గుదల పురుగు దగ్గరే ఆగిపోదు కదా. చెన్నైలో సుభాష్ బాబు బృందం 2009లో చూపించిందేంటంటే, ఒంట్లో టీబీ క్రిమి నిద్రపోతున్న మనిషికి ఫైలేరియా కూడా ఉంటే టీబీని అదుపులో పెట్టే టీ కణాల స్పందన తగ్గుతుంది. ఇథియోపియాలో పురుగుల మందు వేశాక బీసీజీ అనే టీబీ టీకాకి ఒళ్లు మెరుగ్గా స్పందించిందని తేలింది. అదే సమయంలో రెండో వైపు కూడా ఉంది, గాబన్‌లో బడి పిల్లలకి పురుగుల మందు ఇచ్చాక దుమ్ము పురుగుల అలర్జీ పరీక్షలో స్పందన పెరిగింది. చెన్నైలోనే 2010లో చేసిన పరిశీలనలో షుగర్ ఉన్నవాళ్లలో ఫైలేరియా తక్కువగా కనపడింది. ఒడిశాలో ఫైలేరియా ఉన్న ప్రాంతంలోనే కీళ్లవాతం, అంటే రుమటాయిడ్ ఆర్థ్రైటిస్ రోగుల్ని చూస్తే వాళ్లలో ఫైలేరియా ఆనవాళ్లు దొరకలేదని అక్కడి పరిశోధకులు 2013లో రాశారు. ఇలాంటివి చదివి పురుగు ఉంటే మంచిదే అని ప్రచారం చేసేవాళ్లు ఉన్నారు, అది చాలా తప్పు. పంది పేగు పురుగు గుడ్లు తాగించి పేగు జబ్బులు తగ్గించాలని అమెరికాలో మొదట్లో చేసిన చిన్న ప్రయోగాలు ఆశ పెట్టాయి గానీ పెద్ద ట్రయల్స్‌లో నిలబడలేదు. పనికొచ్చేది పురుగు వదిలే అణువు, పురుగు కాదు. ఎలుకల్లో ఉండే ఒక పేగు పురుగు ఇమ్యూనిటీని తగ్గించే మన టీజీఎఫ్-బీటా అనే సంకేతం చేసే పనినే చేసే ప్రోటీన్‌ని వదులుతుందని 2017లో రిక్ మైజెల్స్ బృందం బయటపెట్టింది, విశేషమేంటంటే ఆ ప్రోటీన్‌కి టీజీఎఫ్-బీటాతో నిర్మాణంలో పోలికే లేదు, పురుగు సొంతంగా కనిపెట్టుకున్న తాళంచెవి అది. ఇలాంటి వాటి నుంచి రేపు మందు రావొచ్చు. రక్తం తాగే కొంకి పురుగుని, కాలు పాడుచేసే ఫైలేరియాని ఒంట్లో ఉంచుకోవడానికి అది కారణం కాదు.

ఇక మాత్రలు. ఇక్కడ తెలుగువాళ్లు గుర్తుపెట్టుకోవాల్సిన పేరు యల్లాప్రగడ సుబ్బారావు, 1895లో భీమవరంలో పుట్టి అమెరికాలో లెడర్లీ ల్యాబ్‌లో పరిశోధన నడిపించారు, అక్కడే 1947లో డీఈసీ అనే ఫైలేరియా మందు బయటికొచ్చింది, మన ఊళ్లలో పెద్దవాళ్లు హెట్రజాన్ అనేది దాన్నే. ఈ మందు గురించి ఆసక్తికరమైన విషయం ఏంటంటే, గాజు గొట్టంలో పిల్ల పురుగుల మీద వేస్తే వాటికి పెద్దగా ఏమీ కాదు, మనిషికి ఇస్తే మాత్రం గంటల్లో రక్తంలోంచి మాయమవుతాయి. అంటే చంపేది మందు ఒక్కటే కాదు, మందు పడ్డాక ఒంటి సొంత రక్షణ కణాలు వాటిని గుర్తుపట్టి పట్టుకుంటున్నాయి. ఐవర్‌మెక్టిన్ అనే ఇంకో పురుగుల మందు సంగతీ ఇలాంటిదే. దీన్ని కనిపెట్టినందుకు 2015లో కాంప్‌బెల్, ఒమురాలకి నోబెల్ వచ్చింది, ఇది బ్రూజియా పిల్ల పురుగులు బయటికి ప్రోటీన్లు వదిలే రంధ్రం దగ్గరి కండరాల మీద పనిచేసి ఆ వదలడాన్నే తగ్గించేస్తుందని 2010లో చూపించారు. వదలడం ఆగితే ఇమ్యూనిటీని ఆపే పదార్థాలూ ఆగుతాయి, ఇన్నాళ్లూ పక్కనే ఉండి చూడలేకపోయిన కణాలకి పురుగు కనపడుతుంది.

మాత్ర మింగిన రాత్రి కొందరికి జ్వరం, తలనొప్పి, ఒళ్లు నొప్పులు, కళ్లు తిరగడం వచ్చేది చాలావరకు ఇందువల్లే. రక్తంలో పురుగులు ఎక్కువున్న వాళ్లకి ఇది ఎక్కువ, ఏమీ లేని వాళ్లకి తక్కువ. "మాత్ర వేసుకుంటే జబ్బు చేసింది" అని ఊళ్లో ఒకరికి వచ్చిన జ్వరం చూసి వీధంతా మాత్రలు పారేయడం ఏటా జరిగేదే, నిజానికి ఆ జ్వరం వచ్చిన మనిషిలోనే పురుగు ఉండే అవకాశం ఎక్కువ. ఖాళీ కడుపుతో మింగకూడదు, కడుపుతో ఉన్నవాళ్లకి, రెండేళ్ల లోపు పిల్లలకి, బాగా జబ్బుతో ఉన్నవాళ్లకి ఇవ్వరు, జ్వరం రెండు రోజులు దాటితే పీహెచ్‌సీలో చూపించుకోవాలి.

డీఈసీ, ఆల్బెండజోల్ రెండే ఇచ్చినప్పుడు పెద్ద పురుగులు అన్నీ చావవు, పిల్ల పురుగులు పోతాయి, కొన్నాళ్లకి మళ్లీ వస్తాయి, అందుకే ఏడాదికోసారి చొప్పున ఏళ్ల తరబడి ఇస్తూ వచ్చారు. ఐవర్‌మెక్టిన్ కూడా కలిపి మూడు మందులు ఇస్తే ఒక్క డోసుతోనే దాదాపు అందరి రక్తంలో మూడేళ్ల దాకా పిల్ల పురుగులు కనపడలేదని పాపువా న్యూ గినీ ట్రయల్ 2018లో తేల్చింది, మన దేశంలో కూడా కొన్ని జిల్లాల్లో ఈ మూడు మందుల పద్ధతి నడుస్తోంది, 2027కి ఫైలేరియాని పోగొట్టాలన్నది ప్రభుత్వం పెట్టుకున్న గడువు.

మన సరిహద్దు ఊళ్లకి ఇక్కడే ఒక ఇబ్బంది ఉంది. గంజాం నుంచి సూరత్‌కి, శ్రీకాకుళం తీరం నుంచి వేరావల్ పడవల మీదికి వయసు మగాళ్లు నెలల తరబడి వెళ్లిపోతారు, ఆంధ్రాలో మాత్రలు పంచే రౌండ్ పడ్డప్పుడు ఒడిశాలో చుట్టాలింట్లో, ఒడిశా రౌండ్ పడ్డప్పుడు ఇటు పనిలో ఉండేవాళ్లు ఉంటారు, రెండు రిజిస్టర్లలోనూ వాళ్ల పేరు పక్కన "ఊళ్లో లేరు" అని పడుతుంది. పైకి ఏ లక్షణమూ లేదు కాబట్టి వాళ్లంతట వాళ్లు ఆసుపత్రికి వెళ్లరు, రక్తంలో పురుగు ఉంటే మాత్రం తిరిగొచ్చిన ఇంటి డ్రైనేజీ దోమలకి అది చాలు. ఇలాంటి వాళ్ల కోసం రాత్రి దాకా ఆగక్కర్లేని పరీక్ష ఉంది, ఫైలేరియా టెస్ట్ స్ట్రిప్ అంటారు, వేలి నుంచి తీసిన కాస్త రక్తంతో పది నిమిషాల్లో తేలిపోతుంది, పిల్ల పురుగులు పగలు ఊపిరితిత్తుల్లో ఉన్నా ఫర్వాలేదు, ఎందుకంటే ఈ స్ట్రిప్ వెతికేది పురుగుని కాదు, లింఫ్ నాళంలో కూర్చున్న పెద్ద పురుగు పగలూ రాత్రీ రక్తంలోకి వదిలే పదార్థాన్ని, అంటే యాంటిజెన్‌ని.